పింగాణి చెప్పు సాక్ష్యము

మోటారు ఇంజనునకు ఆహారము పెట్రోలు. ఆ ఆహారమును వేళ తప్పక రగిలించునది స్పార్కు ప్లగ్గు. నాలుగు స్ట్రోకుల ఇంజను నిమిషమునకు 3,000 చుట్లు తిరుగునపుడు ప్రతి ప్లగ్గును సెకనుకు 25 మారులు నిప్పురవ్వ నీయవలెను. అయినను ఈ చిన్న వస్తువు చరిత్రలో గడ్డు సమస్య నిప్పు పుట్టించుట కాదు. ఆ నిప్పునకు తాళగల పింగాణిని కనుగొనుట.

1860లో పారిసు నగరమున ఎటియెన్ లెన్వార్ తన గ్యాసు ఇంజనును విద్యుత్తు రవ్వతో నడిపెను. కాని ఆనాటి బ్యాటరీలను, తీగచుట్టలను నమ్ముట కష్టమయ్యెను. అందుచేత 1880 దశకమున డైమ్లర్ వంటి నిర్మాతలు ఎఱ్ఱగా కాల్చిన గొట్టముతో ఇంధనమును రగిలించిరి. ఆ గొట్టమునకు వేళ తెలియదు. ఇంజను వేగము పెరిగినకొలది ఆ లోపము బయటపడెను. 1902లో జర్మనీ దేశమున, రాబర్ట్ బాష్ కర్మాగారమునందు గాట్లోబ్ హోనోల్డ్ అధిక వోల్టేజి మాగ్నెటోను రూపొందించి, దానికి తగిన ప్లగ్గును జతపఱచెను. రవ్వ కొఱత తీరెను.

పింగాణి మాత్రము తాళలేదు. ఒక క్షణము రెండువేల డిగ్రీల మంట, మరుక్షణము చల్లని ఇంధనపు గాలి; ఈ తాకిడికి అది పగులుచుండెడిది. నేలమీద బండి ఆగిన నడిచి ఇల్లు చేరవచ్చును. ఆకాశమున ఇంజను ఆగిన దిక్కేది? అందువలన మొదటి ప్రపంచయుద్ధకాలమున విమాన నిర్మాతలు అభ్రకపు ప్లగ్గులను విరివిగా అమర్చిరి. నాడు ప్రపంచమునకు పలక అభ్రకమును పంపిన దేశములలో మనది అగ్రగణ్యము. హజారీబాగుతోపాటు మన గూడూరు గనులకును ఆ వర్తకమున పేరుండెను. 1930 దశకమునుండి అల్యూమినా పింగాణి వచ్చి క్రమముగా ఆ రెండింటి స్థానమును ఆక్రమించెను.

ప్లగ్గును చదువు విద్యకును ఆధారము ఈ వేడియే. పింగాణి మొన సుమారు 450 మొదలు 850 సెంటిగ్రేడు డిగ్రీల నడుమ నుండవలెను. వేడి తగ్గినచో మసి కాలిపోదు. పెరిగినచో రవ్వకు ముందే మొనయే ఇంధనమును అంటించి, పిస్టనును సైతము కరిగింపవచ్చును. కనుక లేత గోధుమ వన్నె ఆరోగ్యమునకు గుఱుతు. పొడి నల్లమసి, ఇంధనము మిక్కుటమైనదనును. తడి జిడ్డు, నూనె లోనికి దిగుచున్నదనును. తెల్లబడి బొబ్బలెక్కిన మొన అతితాపమునకు హెచ్చరిక.

బిగింపును ఇందు భాగమే. ప్లగ్గులోని వేడిలో అధికభాగము మరల ద్వారా, ఆనిక ద్వారా ఇంజను తలకు పోవును. వదులుగా బిగించిన మంచి ప్లగ్గు సైతము మితిమీరి కాగి, ఇంజనుపై అబద్ధపు సాక్ష్యము చెప్పును. మొదట వ్రేళ్ళతో త్రిప్పి, ఆపై నిర్మాత చెప్పిన మేరకే బిగింపవలెను.

1920 దశకమునుండి పెట్రోలులో కలిపిన సీసము మొనపై తన వన్నెను పూసెను. మన దేశమున 2000లో, లోకమంతట 2021 నాటికి మోటారు బండ్ల పెట్రోలునుండి సీసము తొలగెను. నేడు వన్నెలు పలుచబడినవి. పాత రంగుల పట్టిక అక్షరాల చెల్లదు. ఇంధనపు పాళ్ళను కనిపెట్టు సెన్సార్లును వచ్చినవి. అయినను పొగగొట్టములోని సెన్సారు అన్ని సిలిండర్ల మాటను కలిపి వినును. ప్లగ్గు తన సిలిండరు మాటనే చెప్పును. నాలుగింటిని విప్పి వరుసగా పేర్చినపుడు ఒక్కటి వేరు వన్నెలో నున్నచో, దోషమెచ్చటనో వెదకుట అచ్చటనే మొదలిడవచ్చును.