చతురంగ సంకలితము: పావులూరి గణితమునందలి యొక మహాసంఖ్య

రాజరాజనరేంద్రుని కాలమున, అనగా 11వ శతాబ్దమున, రాజమహేంద్రవరము ఆంధ్రమహాభారత రచనకు నెలవైనదన్న విషయము సుప్రసిద్ధము. తెలుగున తొలి గణితగ్రంథముగ పేర్కొనబడు పావులూరి గణితము కూడ గోదావరీ ప్రాంతముతో ముడివడియున్నది. కవివంశమునకు పిఠాపుర ప్రాంతమునందలి నవఖండవాడతో సంబంధము కలదు. 9వ శతాబ్దమునాటి మహావీరాచార్యుని సంస్కృత గణితసారసంగ్రహము దీనికి మూలము. గ్రంథకర్తయగు మల్లన తాతయా, మనుమడా యను చర్చ నటుంచి, ఆయన పేర ప్రచారమందున్న యొక చంపకమాలను మాత్రమే ఇచట పరిశీలింతము.

చదరంగపు పలకపై తొలిగడిలో 1, పిదప ప్రతిగడిలోను ముందటిదానికి రెట్టింపు ఉంచినచో 64 గళ్ళలోని మొత్తమెంత? పద్యము చెప్పు సమాధానము 18446744073709551615. అల్‌బీరూనీ సుమారు 1000వ సంవత్సరమున తన కాలగణన గ్రంథమున ఇదే సంఖ్యను సాధించెను. ఇందులకు 63 మారులు రెట్టింపనక్కరలేదు. 2ను వరుసగా 6 మారులు వర్గించిన 4, 16, 256, 65536, 4294967296 అను సంఖ్యలు దాటి 64వ ఘాతము లభించును. దానినుండి 1 తీసివేయుటయే శేషించిన పని.

ఈ ఇరువది యంకెలను కవి భూతసంఖ్యలతో, ఒకట్ల స్థానము మొదలుకొని యెడమకు చెప్పెను. ఇట్టి పద్యములందు పాఠభేదము శైలికి సంబంధించినది మాత్రము కాదు. ఒక్క యక్షరము మాఱిన లెక్కయే మాఱును. నగ మనగా 7, నాగ మనగా 8. లేఖకుడు దీర్ఘము చేర్చినచో ఛందస్సే దానిని పట్టియిచ్చును, ఏలయన ఆ తావున లఘువే యుండవలెను. కాని అబ్ధి శబ్దమునకు 4 గ్రహింపవలెనా, సప్తసముద్రములనుబట్టి 7 గ్రహింపవలెనా? ఇచట ఛందస్సు మూగవోవును, గణితమే శరణ్యము.

2యొక్క ఘాతములను 9చే భాగించిన శేషములు ఆఱేసి మెట్లకు మరల వచ్చును. 64వ ఘాతమునకు శేషము 7. కావున మన సంఖ్యకు 6 శేషింపవలెను. అంకెల మొత్తము 87, శేషము 6. అబ్ధిని 7గా గ్రహించినచో మొత్తము 90, శేషము సున్న. కావున 4 అనుటయే యుక్తము. ప్రక్కప్రక్క పదములు తారుమాఱైన ఈ పరీక్ష చాలదు. అప్పుడు 17 తోడ్పడును.

మన సంఖ్య 3, 5, 17, 257, 641, 65537, 6700417 అను ఏడు ప్రధానసంఖ్యల లబ్ధము. వీనిలో 641 అనునది 2యొక్క 32వ ఘాతమునకు 1 కూడిన సంఖ్యను భాగించునని 1732లో ఆయిలర్ కనుగొనెను. ఏ యొక్క యంకె మాఱినను, ప్రక్కనున్న రెండు భిన్నాంకెలు స్థానములు మార్చుకొన్నను, 17చే నిశ్శేషముగ భాగింపబడదు.

సంఖ్యాశుద్ధి పాఠమును స్థిరపఱచును గాని కర్తృత్వమును నిరూపింపదు. సరియైన లెక్కను తరువాతివాడును పద్యమున కూర్పగలడు. అయినను, గణితగ్రంథముల తాళపత్రప్రతులను పరిష్కరించువారు వ్యాకరణచ్ఛందస్సులతోపాటు లెక్కను గూడ చేసి చూడవలెనని ఈ పద్యము మనకు బోధించుచున్నది.