ఇరుసు సీల పుట్టుపూర్వోత్తరములు

సింగపూరు నగరమున నేడు యాత్రికులు చైనాటౌను అని పిలుచు పేటకు మలయాభాషలో క్రెత అయర్, అనగా నీళ్లబండి, అను పేరు నేటికిని చెల్లుచున్నది. ఆన్ సియాంగ్ కొండ చేరువ బావులనుండి ఎద్దుబండ్లపై నీరు తెచ్చి ఊరికి పంచిన కాలపు గురుతు అది. మనవారు శ్రీనివాస పెరుమాళ్ కోవెలకు పోవు సెరంగూన్ రోడ్డు ప్రక్కనున్న బఫెలో రోడ్డు సైతము ఆనాటి పశువుల దొడ్లను తలపించునదే. రేవును గూర్చియు రబ్బరు వర్తకమును గూర్చియు ఉద్గ్రంథములు వ్రాసిన చరిత్రకారులు, ఎద్దుబండి చక్రము ఇరుసునుండి జారి పడకుండ కొనను అడ్డముగా నిలిచి కాపాడిన చిన్న సీలను మాత్రము ఉపేక్షించిరి.

ఈ సీల అతిప్రాచీనమైనది. ఋగ్వేదమందలి సవితృసూక్తమొకటి రథపు ఆణిని, అనగా ఈ సీలనే, ఉపమానముగా గ్రహించినది. యుద్ధమధ్యమున దశరథుని రథమునకు సీల ఊడిపోగా కైకేయి తన వ్రేలినే అచ్చట దూర్చి రథమును నిలిపెనని మన యిండ్లలో చెప్పుకొను కథ వాల్మీకమున కానరాదు. అందామె మూర్ఛిల్లిన భర్తను రణరంగమునుండి తప్పించి తెచ్చినదని మాత్రమే యున్నది. ఐనను, సమయమునకు దొరికినదానిని సీలగా దూర్చుటకు ఇంతకన్న ప్రసిద్ధమైన ఉదాహరణము మనకు లేదు. దానికి చెల్లింపవలసివచ్చిన మూల్యము రెండు వరములు! గ్రీకుల పురాణగాథలో మిర్టిలస్ అను సారథి, రాజు ఓయినోమావుస్ రథమునకు కంచుసీలలను తీసి మైనపు సీలలు పెట్టగా, పందెము నడుమ చక్రములూడి రాజు మరణించెను. చీనా దేశమున హాన్ వంశీయుల కాలమునాటి చెన్ జున్ అను పానప్రియుడు, విందుకు వచ్చిన అతిథులు నడుమ లేచిపోకుండ వాకిలి మూయించి, వారి బండ్ల సీలలను పెరికి బావిలో పారవేయించెడివాడని ఆ దేశపు చరిత్రగ్రంథమైన హాన్ షు చెప్పుచున్నది. విందునడుమ పెరికి పారవేయుటకు వీలైన సీల సులభముగా ఊడివచ్చునదియే అయి యుండవలెను గదా. ఉండవలసినంతకాలము కదలక యుండుట యెంత ముఖ్యమో, తీయగోరినప్పుడు ఊడివచ్చుటయు సీలకు అంత ముఖ్యమని నా అభిప్రాయము. మైనపు సీల మొదటి ధర్మమును తప్పినది. రెండవదానిని తప్పునది సీలకు మారుగా దూర్చిన ఇనుపమేకు.

1880లో షాంఘైనుండి రిక్షాలు సింగపూరు ద్వీపమునకు వచ్చినవి. వానికై 1903లో తంజోంగ్ పగార్ కూడలిలో కట్టిన భవనము నేటికిని నిలిచియున్నది, రిక్షాలు మాత్రము 1947లో నిషిద్ధములైనవి. 1896లోనే తొలి మోటారుకారు దిగినది. మోటారు యుగమున సీలతోపాటు నట్టు చేరినది. నట్టు ఎంత బిగించినను కుదుపులకు వదులగును గనుక, కోటబురుజువలె తలపై గండ్లు కోసిన నట్టును బిగించి, గండి ఇరుసు రంధ్రమునకు ఎదురైన పిదప, స్ప్లిట్ పిన్ను అను రెండుకాళ్ల సీలను దూర్చి కాళ్లను విడదీసి వంచుదురు. సులభముగా వంగుటకును, మరల తిన్ననగుటకును, అవసరమైనచో కోతకు లొంగుటకును దానిని బుద్ధిపూర్వకముగా మెత్తని లోహముతో చేయుదురు. ఒకసారి తీసినదానిని తిరిగి వాడరాదు.

సిన్ మింగ్ వంటి మోటారు మరమ్మతుల పేటలలో ఆ పిన్ను అతిస్వల్పమైన వెలకు దొరకును. ఐనను నడిత్రోవలో అది విరిగినప్పుడు మేకునో తీగముక్కనో దూర్చి, ఇల్లు చేరిన పిమ్మట ఆ సంగతియే మరచువారు ఎల్లప్పుడు నుందురు. సముద్రపు గాలియు, ఏడాది పొడవున వానయు గల ఈ ద్వీపమున, పాత వెస్పా స్కూటరు వెనుకచక్రపు ఇరుసులో దూర్చిన మేకు త్వరలోనే త్రుప్పుపట్టును. త్రుప్పు ఇనుముకన్న ఎక్కువ చోటు నాక్రమించును గనుక, వదులుగా దూరిన మేకే కొంతకాలమునకు పాతినట్లు బిగిసికొనును. నిపుణుడైన పనివాడు తొందరపడడు. వంగిన కొనను పటకారుతో తిన్నగా చేసి, త్రుప్పు విడుచు నూనె పోసి రాత్రియంతయు నాననిచ్చును. పిదప ఇరుసు క్రింద గట్టి దిమ్మె నానించి, రంధ్రముకన్న సన్నని పంచ్ అను పనిముట్టును మేకుకొనపై నిలిపి తట్టును. దిమ్మె లేక కొట్టినచో దెబ్బ బేరింగులకు తగులును. అప్పటికిని కదలనిచో, కొనలను నట్టు అంచుకు సమముగా కోసి, నడుమ చిన్నగుంట వేసి, రంధ్రముకన్న సన్నని డ్రిల్లుతో తొలిచి, మిగిలిన పెంకును మెల్లగా రాలగొట్టును. కాగబెట్టుట సామాన్యముగా సులభోపాయమే గాని, చేరువనే గ్రీజును, అది కారకుండ ఆపు రబ్బరు సీలును ఉన్నచోట మంట తగదు. కొందరు పానాకు పొడవైన గొట్టము తొడిగి నట్టునే బలవంతముగా త్రిప్పుదురు. మేకు తెగుట నిజమే, కాని తెగిన ముక్క మరచుట్ల నడుమ పడి ఇరుసునే చెరచును. ఒక మేకుకొరకు ఇరుసును పోగొట్టుకొనుట వివేకము గాదు.

పాతబండి గల పాఠకులు రెండుమూడు కొలతల స్ప్లిట్ పిన్నులను పనిముట్ల సంచిలో నుంచుకొందురు గాక. ఎప్పుడైన మేకు దూర్పవలసివచ్చినచో, ఇల్లు చేరిననాడే దానిని తీసివేయుదురు గాక.