ఫిరంగుల కోసం వేసిన దారి

శనివారం పొద్దున్న ఏడింటికి సైకిలు తీశాను. శాన్ ఫ్రాన్సిస్కోలో మా వీధి నుంచి గోల్డెన్ గేట్ వంతెన, అది దాటాక మెరీన్ హెడ్‌లాండ్స్ కొండలు, అవతల సముద్రం ఒడ్డు, సొరంగంలోంచి వెనక్కి. ఈ ఊరి సైకిలు జనానికి ఇది వారం వారం మొక్కు లాంటిది. నాకు మాత్రం ఎన్నిసార్లు తొక్కినా ఒకటే ప్రశ్న. ఎనిమిది లక్షల మందికి పైగా ఉండే నగరానికి ఎదురుగా, ఒక్క వంతెన దూరంలో, ఇంత ఖాళీ ఎలా మిగిలింది?

శనాదివారాల్లో వంతెన మీద సైకిళ్ళకి సముద్రం వైపు కాలిబాట ఇస్తారు. 1937లో తెరిచిన ఆ ఎర్ర స్తంభాల దగ్గర గాలి ఉన్నట్టుండి దిక్కు మారుతుంది. హ్యాండిలు గట్టిగా పట్టుకోవాలి, ఫోటోల సంగతి తర్వాత.

దాటి ఎడమకి తిరిగితే కాంజెల్‌మన్ రోడ్డు. రెండు మైళ్ళలోపే బాగా ఎత్తు ఎక్కిస్తుంది. చెట్టన్నది దాదాపు లేదు. మోకాలెత్తు పొదలు, ఎండిన గడ్డి, ఎదురుగాలి, మధ్యమధ్య ముఖానికి కొట్టే తడి పొగమంచు. ఇంగ్లీషు నవలల్లో ‘మూర్’ అంటారే, అచ్చంగా అది కాదు గానీ దానికి దగ్గర చుట్టమే. వేల ఏళ్ళపాటు ఇది కోస్ట్ మివాక్ ప్రజల నేల. ఆ తర్వాత పశువుల మేత, పాల డైరీలు. 1866లో అమెరికా ప్రభుత్వం బంగాళాఖాతంలా విశాలమైనదేం కాని ఈ అఖాతపు నోటిని కాయడానికి కొంత నేల కొనేసింది. అప్పట్నుంచి ఇక్కడి రోడ్లు చాలావరకు సైన్యం తన అవసరానికి వేసుకున్నవే.

పైన హాక్ హిల్. శరత్తులో వలస వెళ్ళే డేగల్ని చూడ్డానికి జనం దుర్భిణులతో నిలబడే చోటు. వాళ్ళ కాళ్ళ కింద ఉన్నది కాంక్రీటు కోట, పేరు బ్యాటరీ 129. 1942లో మొదలుపెట్టారు. పదహారు అంగుళాల నోరున్న ఫిరంగులు రెండు ఇక్కడ కూర్చోవాలి. పక్క కొండలో బ్యాటరీ టౌన్స్‌లీ అని, అలాంటివే అప్పటికే ఉన్నాయి. దాదాపు వెయ్యి కిలోల గుండుని ఇరవై అయిదు మైళ్ళ దూరం విసిరేవట. బ్యాటరీ 129లో మాత్రం ఫిరంగులు ఎక్కించనే లేదు. యుద్ధం తీరు మారిపోయింది, శత్రువు ఓడ ఏదీ ఈ అఖాతం నోటికి రాలేదు.

ఆ ఖాళీ గొయ్యిలో సైకిలు ఆనించి అరటిపండు తింటూంటే మా తాతగారు గుర్తొచ్చారు. అదే 1942, ఏప్రిల్ 6న, జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఆయనకప్పుడు పదేళ్ళు. రాత్రికి రాత్రి బండి కట్టించి చోడవరం వైపు పోయామని, తులసికోటలో దీపం పెట్టి వచ్చేశామని వాళ్ళమ్మ దారంతా ఏడ్చిందని చెప్పేవారు. నిజంగా బాంబులు పడ్డ ఊరివాళ్ళకి చేతిలో ఉన్నది ఎడ్లబండి. అదే శత్రువుకి భయపడి ఇక్కడ కొండనే తొలిచారు. ఈ మాట ఆయనతో అనేవాణ్ణి, ఉండుంటే.

యుద్ధం తర్వాత భయం పేరు మారింది. 1954 నుంచి 1974 దాకా ఇక్కడ నైకీ క్షిపణులు కాపలా. ఎస్‌ఎఫ్-88 అనే స్థావరాన్ని ఇప్పుడు మ్యూజియంగా ఉంచారు.

సైన్యం చేతిలో లేని నేల కథ ఇంకా విచిత్రం. 1964లో థామస్ ఫ్రూజ్ అనే బిల్డరు, గల్ఫ్ ఆయిల్ డబ్బుతో, ఈ కొండల్లో మెరిన్‌సెలో అనే నగరం కడతానన్నాడు. ముప్పై వేల మందికి ఇళ్ళు, ఆకాశాన్నంటే అపార్టుమెంట్లు. కౌంటీ ఒప్పుకుంది, ముఖద్వారం లేచింది, రోడ్డు పడింది. స్థానికులు, కొందరు లాయర్లు కోర్టుకెక్కారు. ఫ్రూజ్ 1969లో పోయాడు. 1972లో గల్ఫ్ ఆ నేలని నేచర్ కన్సర్వెన్సీకి అరవై అయిదు లక్షల డాలర్లకి అమ్మేసింది. ఆ అక్టోబరులోనే నిక్సన్ సంతకంతో ఇదంతా జాతీయ వినోద ప్రాంతమైంది. ద్వారం ఇప్పుడు లేదు. నగరం కోసం వేసిన రోడ్డు మాత్రం మెరిన్‌సెలో ట్రెయిల్ పేరుతో మట్టిబాటగా ఉంది.

ఇక్కడే నాకు కాస్త ఇబ్బంది. ఆ నగరం కట్టి ఉంటే నాలాంటివాళ్ళే అందులో అద్దెకుండేవాళ్ళు. జీతంలో సగం అద్దెకి పోసే ఊళ్ళో ఉంటూ, ముప్పై వేల మందికి ఇళ్ళు రాకుండా ఆపినందుకు వారం వారం సంతోషపడుతున్నాను. లాయర్ల పక్షమా, అద్దెదారుల పక్షమా అంటే, ఎక్కుతున్నప్పుడు ఒకటి, ఇంటికెళ్ళి బ్యాంకు స్టేట్‌మెంటు చూసినప్పుడు ఇంకొకటి.

అవతలి దిగుడు నిలువునా ఉంటుంది. రెండు బ్రేకులూ పట్టి, పళ్ళు బిగించి దిగాను. రోడియో బీచ్‌లో కాసేపు కూర్చుని సొరంగం దారి పట్టాను. అది కూడా సైన్యం తవ్వుకున్నదే, 1918 నాటిది. ఒకేసారి ఒక వైపు నుంచే కార్లు వెళ్తాయి కాబట్టి సిగ్నలు అయిదు నిమిషాలు ఆపుతుంది. సైకిళ్ళకి పక్కన వేరే దారి, నొక్కడానికో బొత్తాం. నొక్కాను. లోపల సైకిళ్ళున్నాయని కార్లవాళ్ళకి దీపం వెలిగింది.