నీట మునుగువారి తొడుగు: అస్తరు చరిత్ర

గాలికంటె నీరు 20 రెట్లకు పైగా ఉష్ణవాహకము. అందుచే చల్లని గాలిని ఓర్చుకొనగల మనిషి అంతే చల్లని నీటిలో త్వరలోనే వణకును. శ్వాసయంత్రము లేకుండ, ఊపిరి బిగబట్టి మునుగువారికి ఇది మరింత ప్రమాదము. వణకు కండరములు ఆక్సిజనును ఎక్కువగా ఖర్చుచేయును. బిగబట్టిన ఊపిరి అంత త్వరగా తరిగిపోవును.

కొరియాకు చెందిన జేజూ ద్వీపమున హేన్యోలను స్త్రీలు తరతరములుగా ఇట్లు మునిగి సముద్రపు నత్తలను, నాచును సేకరించుచున్నారు. 1960 దశకములో సుక్ కి హాంగ్ మొదలగు శాస్త్రజ్ఞులు వీరిని పరీక్షించిరి. నాడు వారి దుస్తు పలుచని నూలుబట్టయే. చలికాలమున వారి శరీరములు విశ్రాంతివేళ సైతము అధికముగా వేడిని పుట్టించుచుండెను. 1970 దశకములో రబ్బరు తొడుగులు వచ్చిన పిదప ఈ లక్షణము క్రమముగా మాయమయ్యెను. నీటిలో పనిచేయగల కాలము పెరిగెను.

ఈ తొడుగునకు మూలపదార్థము నియోప్రీన్. అమెరికాలోని డ్యూపాంట్ కంపెనీ రసాయన శాస్త్రజ్ఞులు 1930లో తయారుచేసిన కృత్రిమ రబ్బరు ఇది. 1951–52 సంవత్సరములలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ భౌతికశాస్త్రజ్ఞుడు హ్యూ బ్రాడ్‌నర్ ఒక కొత్త ఊహ చేసెను: వెచ్చగా నుండుటకు ఒడలు పొడిగా నుండనక్కరలేదు. నురుగువలె పొంగిన రబ్బరులోని సూక్ష్మమైన వాయుబుడగలే వేడిని ఆపును.

తొడుగులోనికి చొచ్చిన నీరే మనిషిని వెచ్చగా నుంచునని పలువురు తలచుదురు. అది పొరపాటు. ఆ నీటిని వేడిచేయునది శరీరమే. అది కదలక నిలిచిన నష్టము స్వల్పము. బయటికి పోయి చన్నీరు లోనికి వచ్చినచో ప్రతిసారి శరీరము తన వేడిని కోల్పోవును. కావున లోపలి ముఖము ఎట్లుండవలెనను ప్రశ్న పుట్టెను.

మొదటి తొడుగులకు అస్తరు లేదు. రబ్బరు చర్మమునకు పట్టుకొనెడిది, లాగిన చిరిగెడిది. పౌడరు చల్లుకొని తొడుగుకొనెడివారు. తరువాత లోపల నైలాను అస్తరు అంటించిరి. తొడుగుట సులభమయ్యెను, మన్నిక పెరిగెను. కాని బట్టకును చర్మమునకును నడుమ నీరు తిరుగుటకు దారి ఏర్పడెను. రబ్బరు సాగుటయు కొంత తగ్గెను. ఊపిరి నిండుగా పీల్చుకొనవలసిన వానికి ఛాతీపై బిగువు మంచిది కాదు.

ఊపిరి బిగబట్టి మునుగువారిలో పెక్కురు అందుచే అస్తరు లేని లోముఖమునే ఎన్నుకొందురు. రొట్టెను కోసినచో కోసిన ముఖమున గుంటలు కనబడును గదా! నురుగు రబ్బరు దిమ్మను పలుచగా కోసినను అట్లే తెరచిన గుంటలు ఏర్పడును. ఈ ముఖము చర్మమునకు గట్టిగా అతుకుకొని నీటికి చోటీయదు. అయితే సబ్బునీరు రాయనిదే అది ఒంటికి ఎక్కదు. గోరు తగిలిన చిరుగును. రాళ్ల రాపిడికి ఆగుటకై వెలుపల మాత్రము నైలాను ఉంచుట వాడుకలోనికి వచ్చెను.

ఏ అస్తరైనను ఒక హద్దును దాటలేదు. 10 మీటర్ల లోతున పీడనము రెట్టింపగును. బాయిల్ నియమము ప్రకారము బుడగలలోని వాయువు సుమారు సగమునకు కుదించుకొనును. రబ్బరు పలుచనై వేడిని ఆపు శక్తి తగ్గును, తేలుగుణమును తగ్గును. పైన ఎంత వెచ్చని తొడుగైనను లోతున కొంత చల్లబడక తప్పదు. లోనికి చన్నీరు చేరకుండ చూచుకొనుట ఒక్కటే ధరించువాని చేతిలోనిది. అస్తరు ఎంపికకు విలువ అందుచేతనే.