సంతలో నిలబడ్డ తొలి ఇన్‌స్పెక్టర్లు

పశువులను క్రూరంగా కొట్టడం నేరమని బ్రిటిష్ పార్లమెంటు 1822లో చట్టం చేసింది. దాన్ని తెచ్చిన ఐర్లండ్ సభ్యుడు రిచర్డ్ మార్టిన్ పేరుతోనే అది మార్టిన్ చట్టమైంది. కానీ అమలు చేసేదెవరు? లండన్‌లో మహానగర పోలీసు దళం ఏర్పడిందే 1829లో. అందుకే మార్టిన్ స్వయంగా వీధుల్లో తిరిగి కేసులు పెట్టేవాడు. బిల్ బర్న్స్ అనే చిల్లర వర్తకుడి మీద విచారణ జరిగినప్పుడు దెబ్బలు తిన్న గాడిదనే కోర్టుకు తోలుకొచ్చాడని చెబుతారు. నోరులేని జీవికి ఒంటిమీది గాయాలే వాంగ్మూలం.

1824 జూన్ 16న లండన్‌లోని ఓల్డ్ స్లాటర్స్ కాఫీ హౌస్‌లో పాస్టర్ ఆర్థర్ బ్రూమ్ పిలుపుతో ఒక జంతుహింస నివారణ సంఘం పుట్టింది. ఇప్పటి ఆర్‌ఎస్‌పీసీఏ అదే. స్మిత్‌ఫీల్డ్ పశువుల సంతలో కన్నేసి ఉంచడానికి బ్రూమ్ సొంత డబ్బుతో ఇన్‌స్పెక్టర్లను పెట్టాడు. మొదటి ఏడాదే 63 మంది నిందితులు కోర్టు మెట్లెక్కారు. సంఘం అప్పులు తీర్చలేక 1826లో బ్రూమ్ జైలుకు వెళ్లాడు.

ఆ ఇన్‌స్పెక్టర్లకు శిక్షణాలయం లేదు. సంతే బడి. పని ప్రమాదకరం కూడా. కోడిపందేలను 1835లో నిషేధించారు. మూడేళ్లకు హాన్‌వర్త్‌లో పందెం ఆపబోయిన ఇన్‌స్పెక్టర్ జేమ్స్ పైపర్ దెబ్బలు తిని ప్రాణాలు కోల్పోయాడు.

మన దేశంలో ఈ పని 1861లో కలకత్తాలో కోల్స్‌వర్తీ గ్రాంట్ స్థాపించిన సంఘంతో మొదలైంది. 1890లో ఒక చట్టం వచ్చింది. రాజ్యసభలో రుక్మిణీదేవి అరుండేల్ పట్టుదలగా చేసిన కృషితో 1960లో ఇప్పటి జంతుహింస నిరోధక చట్టం వచ్చింది. కొట్టడమే కాదు, చాలినంత మేత, నీళ్లు, నీడ ఇవ్వకపోవడం కూడా దాని 11వ సెక్షన్ కింద నేరమే.

కర్ర దెబ్బ ఎవరికైనా కనబడుతుంది. నిర్లక్ష్యం అలా కాదు. పైకి తేలిన డొక్కలు, మెడలోకి దిగిన పలుపుతాడు, వంకర తిరిగిన గిట్టలు, ఎండిపోయిన తొట్టి: వీటిని ఒకచోట పేర్చి చూడటం పోలీసులు నేర్చుకోవాలి. ఫొటో ఎప్పుడు తీశారో రాయాలి, పశువైద్యుడి నివేదిక వెంటనే తీసుకోవాలి. లేకపోతే కేసు కోర్టులో నిలవదు.

కానిస్టేబుల్ కంటే పైస్థాయి పోలీసు అధికారి ఎవరైనా జంతువును పరీక్ష కోసం స్వాధీనం చేసుకోవచ్చని 1960 చట్టం చెబుతోంది. మొదటి నేరానికి జరిమానా మాత్రం 10 నుంచి 50 రూపాయలే. ఆ అంకెను మార్చాల్సింది పార్లమెంటు. ఉన్న అధికారాన్ని వాడటం మాత్రం ఈలోగా ప్రతి ఎస్‌ఐకీ శిక్షణలోనే నేర్పాలి.