నీళ్ల చరిత్ర – 4: నాగార్జునకొండ లాంచీ ఎక్కే ముందు



సెలవుల్లో నాగార్జునకొండ పోతున్నాం, అక్కడ ఏముంటుందో రాయమని కొందరు విద్యార్థులు అడిగారు. ఈ భాగం వాళ్ల కోసం.

గుంటూరు వైపు నుంచి మాచర్ల మీదుగా విజయపురి సౌత్ చేరాలి. అక్కడ లాంచీ ఎక్కితే దాదాపు గంటలో కొండ దగ్గర దింపుతారు. శుక్రవారం మ్యూజియం ఉండదు. నీటిమట్టం, గాలివాన చూసి లాంచీలు తిప్పుతారు కాబట్టి ముందే కనుక్కోండి. తిరుగు లాంచీ ఎన్నింటికో అడిగి మరీ దిగండి. లేకపోతే మ్యూజియం సగం కూడా చూడలేరు.

మీరు దిగే ఆ దీవి ఒకప్పుడు కొండ కొన. లాంచీ కింద నీళ్లలో మూడు, నాలుగో శతాబ్దాల ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉంది. 1926లో ఏ.ఆర్. సరస్వతి ఈ శిథిలాలను గుర్తించారు. మరుసటేడు నుంచి లాంగ్‌హర్స్ట్ తవ్వించాడు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ డ్యాంకు శంకుస్థాపన చేశారు. లోయ మునిగేలోపు దొరికింది దొరికినట్టు కాపాడాలని 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో తవ్వారు. కొన్ని కట్టడాలను విప్పి కొండ మీద, అనుపులో మళ్లీ నిలబెట్టారు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ బౌద్ధం స్వీకరించిన రోజుకి ఇక్కడ ఆ తవ్వకాలు సాగుతూనే ఉన్నాయి. మనం బుద్ధుడి దగ్గరికి తిరిగొచ్చేసరికి మన గడ్డ మీది బౌద్ధ నగరం మునగడం ఖాయమైపోయింది.

డ్యాం వద్దని నేననను. 1967లో కాలువలకు నీళ్లొదిలాక గుంటూరు, ప్రకాశం మెట్టల రాత మారింది. కానీ పత్తి తీసే, మిరపకాయలు కోసే మన ఆడవాళ్లకు ఆ కాలువ కూలి పని ఇచ్చిందే గాని భూమి ఇవ్వలేదు.

మ్యూజియంలో రాజుల పేర్లు మీకెలాగూ చెప్తారు. మీరు దానాలిచ్చినవాళ్ల పేర్లు వెతకండి. వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు అశ్వమేధం చేస్తే, అతని సోదరి చాంతిసిరి బౌద్ధ మహాచైత్యానికి దానమిచ్చింది. రాజవంశానికి చెందని బోధిసిరి అనే ఉపాసిక సింహళ భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించింది.

ఇదే కృష్ణ ఒడ్డున, దిగువన అమరావతి ఉంది. అక్కడి స్తూపం మీద ఇంకో దాత పేరుంది. విధికుడు. వృత్తి 'చమ్మకార', అంటే చర్మకారుడు. అతని తండ్రి నాగుడు ఉపాధ్యాయుడు. తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు, కూతుళ్లతో కలిసి పూర్ణఘటం చెక్కిన పలక ఇచ్చానని రాయించుకున్నాడు. అతన్ని మాదిగ అని నేను రాయను. ఆనాటి కులం సంగతి ఆ రాతి మీద లేదు. కానీ తోలుపని చేసేవాడు తన పని పేరు దాచుకోలేదు, అతని కానుకను స్తూపం కాదనలేదు, అతని తండ్రి చదువు చెప్పేవాడు. ఇంతవరకు రాయే చెప్తోంది.

2018లో ఆంధ్రప్రదేశ్ రాజముద్రలో ఆ అమరావతి పూర్ణఘటాన్నే పెట్టుకున్నారు. అలాంటి నిండుకుండను ఒక చర్మకారుడి కుటుంబం దానమిచ్చిందని మనకు ఏ బడిలోనూ చెప్పలేదు.

ఇక 1985 జులైకి రండి. కారంచేడులో మాదిగలు తాగే నీళ్ల చెరువు దగ్గర కమ్మ యువకులు గేదెలను కడుగుతుంటే వద్దన్నారు. కొట్టబోతే మున్నంగి సువార్తమ్మ చేతిలోని బిందె ఎత్తింది. మర్నాడు, జులై 17న, ఆరుగురు మాదిగలను చంపారు.

విధికుడి నిండుకుండ స్తూపం మీద నిలిచింది. సువార్తమ్మ బిందె నేరమైంది. ఈ రెండింటి మధ్య ఈ నేల మీద ఏం జరిగింది? బౌద్ధం ఎలా పోయింది, అంటరానితనం ఎలా గట్టిపడింది? తిరుగు లాంచీలో సెల్ఫీలు అయ్యాక ఆ గంటసేపు దీని మీద మాట్లాడుకోండి.

ఒక నోటుపుస్తకం తీసుకెళ్లండి. మ్యూజియంలో దానం చేసినవాళ్ల పేర్లు కనబడితే రాసుకోండి. వచ్చాక మీ హాస్టల్ గోడ మీద అతికించండి. విధికుడి పేరు అన్నిటికన్నా పైన పెట్టండి.

జై భీమ్.