ఉప్పు మోసిన ఎద్దు నుంచి పాత పికప్ దాకా: మన బరువు బండ్ల చరిత్ర

పోయిన వారం మన గ్రూపులో ఒక తమ్ముడు ఒక ప్రశ్న పెట్టినాడు. "అన్నా, మా నాయన దగ్గర పాత పికప్ ఉండాది. పదిహేడేండ్ల బండి. దాన్ని అమ్మేసి ఫైనాన్సులో కొత్తది తీసుకుందామా, లేకుంటే దీన్నే రిపేరు చేయించి తోలుకుందామా?" అని. కింద నలభై కామెంట్లు వచ్చినాయి. సగం మంది కొత్తది తీసుకో అన్నారు, సగం మంది పాతదే బంగారం అన్నారు. మేము బద్వేలు వైపు పిల్లలం నలుగురం కూర్చుని దీని గురించి మాట్లాడుకుంటే, మాట బండి దగ్గర ఆగలేదు. మన తాతముత్తాతల దాకా పోయింది. అందుకే ఈ పోస్టు. కొంచెం పెద్దదే, ఓపికగా చదవండి.

ముందుగా ఒక సంగతి. బరువులు మోయడం మనకు కొత్త పని కాదు. ఎరుకలలో 'ఉప్పు ఎరుకల' అని ఒక తెగ ఉంది. మన పెద్దోళ్లలో చాలామందికి ఆ పేరు తెలుసు, ఎందుకు వచ్చిందో చెప్పేవాళ్లు తక్కువ. సముద్రం ఒడ్డున ఉప్పు కొని, ఎద్దుల మీద, గాడిదల మీద వేసుకుని లోపలి ఊర్లకు తెచ్చి, దాన్ని ధాన్యానికి మార్చుకునేవాళ్లు కాబట్టి ఆ పేరు. సుగాలీలదీ ఇదే కథ. వేల ఎద్దులతో ధాన్యం, ఉప్పు మోసేవాళ్లు. 1799లో టిప్పు సుల్తాన్ మీద యుద్ధానికి పోయిన ఇంగ్లీషు సైన్యానికి కూడా బియ్యం, గింజలు మోసింది బంజారాల ఎద్దులే. రోడ్డు లేని చోట, కొండ కనుమల్లో, ఎండలో, బండి చక్రం తిరగని దారుల్లో దేశానికి తిండి చేర్చినోళ్లు మనోళ్లు.

మన బద్వేలును చూడండి. తూర్పున వెలిగొండలు, అవి దాటితే నెల్లూరు, ఆపైన సముద్రం. పడమర మైదుకూరు, ప్రొద్దుటూరు. ఉప్పు పండే సముద్రానికి, ఉప్పు కావలసిన మెట్ట సీమకు మధ్య ఉన్న ఊరు మనది.

మరి ఆ బతుకు ఎట్లా పోయింది? రైలు వచ్చి పోయింది. మద్రాసు నుంచి కడప మీదుగా పోయే రైలు దారి, బొంబాయి వైపు నుంచి వచ్చే దారితో 1871లో రాయచూరు దగ్గర కలిసింది. ఎద్దు నెల రోజులు మోసే సరుకును రైలు రెండు రోజుల్లో దించేసింది. ఉప్పు మీద సర్కారు గుత్తాధిపత్యం మద్రాసు ప్రెసిడెన్సీలో 1805 నుంచే ఉంది. ఆ రెండింటి మధ్య మన వ్యాపారం నలిగిపోయింది. సరిగ్గా అదే 1871లో ఇంగ్లీషోళ్లు నేరస్థ తెగల చట్టం తెచ్చినారు. మొదట ఉత్తరాదిన పెట్టి, 1911 చట్టంతో మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా తెచ్చినారు. 1913లో స్టువర్టుపురం సెటిల్‌మెంటు పెట్టి ఎరుకలోళ్లను కుటుంబాలతో సహా అక్కడ ఉంచినారు. యానాదుల మీద కూడా ఈ చట్టం పడింది. ఊరి నుంచి ఊరికి తిరగడమే మన వృత్తి. ఆ తిరగడాన్నే నేరం చేసినారు. ఈ ముద్ర కాగితం మీద పోయింది 1952 ఆగస్టు 31న. స్వాతంత్ర్యం వచ్చినాక ఐదేండ్లకు!

ఇక బండ్ల కథకు వద్దాం.

రెండో ప్రపంచ యుద్ధం కోసం అమెరికాలో 1941 నుంచి విల్లీస్ జీపులు లక్షల్లో తయారైనాయి. సైన్యానికి కావలసింది సోకు కాదు. బురదలో పోవాల, గుంతలో పడినా లేవాల, మామూలు సిపాయి పానా పట్టుకుని బాగు చేసుకోగలగాల. యుద్ధం అయిపోయినాక మిగిలిన జీపులు మన దేశంలో వేలం పాటల్లో జనం చేతికి వచ్చినాయి. 1945లో మొదలైన మహీంద్రా కంపెనీ 1940ల చివర్లో విల్లీస్ జీపు విడిభాగాలు తెప్పించి బొంబాయిలో బిగించడం మొదలుపెట్టింది. తరవాత ఇక్కడే తయారు చేసినారు. పెట్రోలు ఖర్చు ఎక్కువని డీజిల్‌కు మారినారు. కొన్ని జీపులకు ట్రాక్టర్ ఇంజనునే బిగించినారు, 1980లలో ఫ్రాన్సు పెజో కంపెనీ డిజైన్ డీజిల్ ఇంజన్లు వచ్చినాయి. ఇది చిన్న విషయం కాదు. ట్రాక్టర్ బాగు చేసే మెకానిక్కు ప్రతి మండలంలోనూ ఉంటాడు. జీపులో కూడా అదే రకం ఇంజను ఉంటే, జీపు మెకానిక్కు కూడా ప్రతి మండలంలో ఉన్నట్టే.

మన తెలుగు నేల మీద కూడా ఒక ప్రయత్నం జరిగింది. 1980లలో నాలుగు జపాను కంపెనీలు మన దేశంలో చిన్న లారీలు చేయడానికి వచ్చినాయి. డీసీఎం టయోటా, ఐషర్ మిత్సుబిషి, స్వరాజ్ మాజ్దా మూడు. నాలుగోది ఆల్విన్ నిస్సాన్. హైదరాబాదు ఆల్విన్, జపాను నిస్సాన్ కలిసి మెదక్ జిల్లా జహీరాబాదులో పెట్టిన ఫ్యాక్టరీ అది. ఎక్కువ కాలం నిలబడలేదు, 1989లో మహీంద్రా చేతికి పోయింది. ఇప్పుడు అదే చోట ట్రాక్టర్లు తయారవుతాండాయి. ఆ జపాను బండ్లకు పోటీగా టాటా వాళ్లు 1986లో 407 తెచ్చినారు. అది ఇప్పటికీ మన రోడ్ల మీద తిరుగుతాంది. జపాను బండి మంచిది కాకపోలేదు. కానీ మంచి బండి ఒక్కటే చాలదు. దాని సామాను బద్వేలులో దొరకాల, దాన్ని విప్పే చేయి పోరుమామిళ్లలో ఉండాల.

మా నలుగురిలో ఒకరి మామ దగ్గర ఒక పాత పికప్ ఉండాది. సెకండ్ హ్యాండులో కొన్నాడు. వెదురు తట్టలు, ఈత చీపుర్లు, కంప బొగ్గుల మూటలు, వేరుశనక్కాయలు, సంతకు పోయే మేకలు అన్నీ దాంట్లోనే. ఇన్నేండ్లు ఎట్లా నడుస్తాంది మామా అని అడిగితే ఆయన బండి కిందకు తీసుకుపోయి చూపించినాడు.

"ఇది చూడు, ఛాసిస్. నిచ్చెన మాదిరి ఉండాది గదా. బాడీ అంతా తుప్పు పట్టినా ఇది ఉంటే బండి ఉన్నట్టే. ఇవి కమాన్ పట్టీలు. ఒక పట్టీ ఇరిగితే మిగతావి మోస్తాయి, మెల్లగా ఇంటికి చేరుకుంటాం. పొద్దున్నే వెల్డింగు షాపోడు కొత్త పట్టీ ఏస్తాడు. డీజిల్ ఇంజనుకు ప్లగ్గుల నిప్పు పని లేదు. బ్యాటరీ చచ్చిపోయినా నలుగురు నూకితే స్టార్ట్ అవుతాది. డీజిల్ లైన్లో గాలి పట్టిందనుకో, ఈ స్క్రూ వదులు చేసి చేత్తో పంపు కొడితే గాలి పోతాది. నేను సదువుకోలేదు గానీ, దీని ప్రతి నట్టూ నాకు తెలుసు."

ఆ చివరి మాట మాకు గట్టిగా తగిలింది. పాత బండి నమ్మకం ఇనుములో సగమే ఉంది. మిగతా సగం దాన్ని అర్థం చేసుకున్న చేతుల్లో ఉంది. లోపల ఏం జరుగుతాందో తోలేవానికి తెలుసు కాబట్టే అది నమ్మకమైన బండి అయింది.

ప్రపంచమంతా ఇదే లెక్క. టయోటా హైలక్స్ 1968లో వచ్చింది. ఆఫ్రికాలో, గల్ఫులో ఎడారుల్లో దాన్నే నమ్ముకున్నారు. 1987లో చాద్, లిబియా దేశాల మధ్య జరిగిన యుద్ధానికి 'టయోటా యుద్ధం' అనే పేరే వచ్చింది, ఎందుకంటే చాద్ సైనికులు పికప్‌ల మీదే తిరిగి గెలిచినారు. మన కడప జిల్లా నుంచి కువైట్‌కు పోయినోళ్లు ఇంటింటికీ ఉంటారు. డ్రైవర్లుగా పోయినోళ్లను అడగండి, ఆ ఎండలో, ఆ ఇసుకలో పికప్ విలువ ఏందో చెప్తారు.

అయితే పాతదంతా బంగారమని మేము చెప్పడం లేదు. నిజం మాట్లాడుకుందాం. పాత డీజిల్ బండి పొగ మన పిల్లల ఊపిరితిత్తుల్లోకే పోతాది. పాత బ్రేకులు కొత్త బ్రేకుల మాదిరి పట్టవు. ఇంకొకటి, సరుకు బండిలో కూలీలను నిలబెట్టి తీసుకుపోవడం మన వైపు మామూలు అయిపోయింది. అది చట్టానికి విరుద్ధం. బోల్తా పడితే, ఎక్కినోళ్లకు ఇన్సూరెన్సు కూడా సరిగా రాదు. చచ్చేది మన అమ్మలు, మన అక్కలే. బండి ఎంత నమ్మకమైనదైనా ఆ పని చేయొద్దు.

కొత్త బండి సంగతి కూడా చెప్పుకోవాల. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 బండ్లే. పొగ తక్కువ, మంచిదే. కానీ సెన్సార్లు, కంప్యూటరు ఎక్కువ. లైటు వెలిగి ఇంజను బలం తగ్గిందంటే పానాతో పని కాదు, స్కానర్ ఉన్న సర్వీసు సెంటరుకు పోవాల. అదే 2020లో మాలో ఇంకొకరి అన్న కొత్త పికప్ తీసుకున్నాడు. కంతులు కట్టడం మొదలుపెట్టిన రెండో నెలలోనే లాక్‌డౌన్. ఆగస్టు దాకా కంతులు ఆపుకోవచ్చన్నారు, కానీ వడ్డీ ఆగలేదు. బాడుగలు లేవు. మరుసటి సంవత్సరం ఒక తెల్లవారుజామున ఫైనాన్సు వాళ్లు వచ్చి బండి తోలుకుపోయినారు. బండిలో ఏ లోపమూ లేదు. నమ్మకం లేనిది ఆ అప్పుకు. వదిన పుస్తెలతాడు తాకట్టు ఇప్పటికీ విడిపించలేదు.

సర్కారు బండ్ల కథ కూడా గుర్తుంది గదా. 2021 జనవరిలో ఇంటింటికీ రేషన్ కోసం మన రాష్ట్రంలో 9,260 బండ్లు ఇచ్చినారు. అందులో 700 ఎస్టీ యువకులకు. 2025 జూన్ 1 నుంచి రేషన్ మళ్లీ షాపులకే పోయింది. బండి మన చేతికి వచ్చినా, దానికి దొరికే పని మాత్రం వేరేవాళ్ల చేతిలోనే ఉండిపోయింది. రైలు వచ్చినప్పుడు మన ఎద్దులకు జరిగింది కూడా ఇదే.

ఇంకో భయం గురించి చెప్పకుండా ఉండలేము. మన చుట్టూ లంకమల, వెలిగొండ, ఎర్రచందనం. "ఒక్క రాత్రి బండి తోలు, ఆర్నెల్ల కంతులు కట్టేసుకో" అని వచ్చేవాళ్లు ఉంటారు. వాళ్లు వచ్చేది కంతు కట్టలేని ఇంటికే. పట్టుబడితే అటవీ చట్టం కింద బండి జప్తు, మనిషి జైలు. పంపినోడు బయటే ఉంటాడు. దాని తర్వాత మనోడు చెక్‌పోస్టు దగ్గర చీపుర్ల బండి ఆపినా, పేరు అడిగి, ఊరు అడిగి, కులం తెలిసినాక చూపు మారుతాది. 1952లో పోయిన ముద్రను మళ్లీ మన చేత్తో మనమే తెచ్చిపెట్టుకోవద్దు.

ఇప్పుడు తమ్ముని ప్రశ్నకు మా జవాబు.

పదిహేనేండ్లు దాటితే బండి తుక్కే అని భయపెడతాండారు. పూర్తి నిజం కాదు. వయసు చూసి ఆపేసే నిషేధం ఢిల్లీ వైపుది. ప్రభుత్వ బండ్లకు మాత్రం 2023 ఏప్రిల్ నుంచి పదిహేనేండ్ల హద్దు పెట్టినారు. మన సొంత బాడుగ బండికి ప్రతి సంవత్సరం ఫిట్‌నెస్ కావాల. పాసైతే తోలుకోవచ్చు. కాకపోతే 2022 నుంచి పాత బండ్ల ఫిట్‌నెస్ ఫీజులు బాగా పెంచినారు. ఒక కాగితం తీసుకుని ఒకవైపు ఏడాది రిపేరు, ఫిట్‌నెస్, ఇన్సూరెన్సు రాయి. ఇంకోవైపు పన్నెండు కంతులు రాయి. ఖాయంగా వచ్చే బాడుగ ఎంతో కింద రాయి. మూడు నెలలు పని లేకపోయినా కట్టగలవా అని నిన్ను నువ్వే అడుగు. కట్టలేను అనుకుంటే నాయన బండికి ముందు బ్రేకులు, టైర్లు, లైట్లు బాగా చేయించి తోలుకో.

ఇంకొకటి. ఐటీఐలో డీజిల్ మెకానిక్ ఒక సంవత్సరం, మోటారు వెహికల్ మెకానిక్ రెండు సంవత్సరాలు. మన పిల్లలు చేరాల. పానా పట్టేది తెలిసినోడు స్కానర్ కూడా నేర్చుకుంటే, రేపు కొత్త బండ్లకు కూడా మనమే డాక్టర్లం. ఆ విద్యను ఏ ఫైనాన్సోడూ తెల్లవారుజామున వచ్చి తోలుకుపోలేడు.

2025 మే 28న కేంద్ర మంత్రివర్గం బద్వేలు నుంచి నెల్లూరు వైపు 108 కిలోమీటర్ల నాలుగు వరుసల రోడ్డుకు 3,653 కోట్లు ఒప్పుకుంది. కృష్ణపట్నం పోర్టుకు దారి అది. సముద్రానికి, సీమకు మధ్య సరుకు మోసే దారి మళ్లీ మన ఊరి మీదుగానే పోతాంది. పోయినసారి అంత పెద్ద దారి వచ్చినప్పుడు మన తాతల ఎద్దులు పక్కకు పోయినాయి. ఈసారి ఆ రోడ్డు మీద మనం బండి ఓనర్లుగా ఉంటామా, మెకానిక్కులుగా ఉంటామా, టోల్ గేటు దగ్గర నిలబడి చూసేవాళ్లుగా ఉంటామా అనేది ఇప్పుడే ఆలోచించుకోవాల.

మీ ఇంట్లో జేజిని, తాతను అడగండి. ఉప్పు మోసిన దారుల పేర్లు, ఎద్దుల పేర్లు, మొదట కొన్న బండి సంగతి ఏది గుర్తున్నా కామెంటులో రాయండి. అవి ఎవరూ రాసిపెట్టలేదు, మనమే రాసుకోవాల. తమ్ముడూ, నాయన బండి ఫోటో కూడా పెట్టు. పదిహేడేండ్లు మీ ఇంటికి అన్నం పెట్టిన బండిని మేమందరం ఒకసారి చూస్తాం.